పాలడబ్బా మార్చింది ఎవరు?

మన వంటిళ్ళలో డబ్బాకి చావు లేదు. పాలపొడి అయిపోయిన మర్నాడే దాన్ని శుభ్రంగా తోమి, ఎండలో బోర్లించి, మెంతులో ధనియాలో పోసి అలమారలో పెట్టేస్తాం. అందుకే ఏ ఇంట్లో ఏ పిల్లకి ఏ పాలు పట్టారో తెలుసుకోవాలంటే ఆ ఇల్లాలిని అడగక్కర్లేదు, పోపుసామాన్ల అర చూస్తే చాలు. మా అమ్మ దగ్గర చాలాకాలం గ్లాక్సో డబ్బాలో ఆవాలు, అమూల్ స్ప్రే డబ్బాలో మినప్పప్పు, లాక్టోజెన్ డబ్బాలో అగరొత్తులు ఉండేవి. మొదటిది అమ్మమ్మగారింటి నుంచి వచ్చిన మా పెద్దమావయ్య డబ్బా. తక్కిన రెండూ నావి.

ఒక్కదానికి రెండు రకాలెందుకయ్యాయని అమ్మని అడిగితే "మొదటిది బజార్లో దొరకలేదే" అంది. పక్కనే కూచుని బియ్యం ఏరుతున్న మా మేనత్త ఊరుకుంటుందా? "దొరక్కేం, మీ అమ్మే మార్చింది. నీకు అజీర్తి పట్టుకుంది అప్పట్నించే" అంది. అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి. పాతికేళ్ళయినా ఆ కేసు కొట్టెయ్యలేదన్నమాట!

ఇది మా ఇంటి సంగతే కాదని మీకూ తెలుసు. పిల్ల బొద్దుగా ఉంటే ఆ గొప్ప పాలది. పిల్ల కాస్త పాలు కక్కినా, విరేచనం రంగు మారినా, రాత్రంతా ఏడ్చినా తప్పు తల్లిది. "డబ్బా మార్చావా? అదీ సంగతి!" అని తీర్పు చెప్పడానికి చుట్టపక్కాలందరూ జడ్జీలే. నా కూతురి విషయంలో నేనూ ఆ బోనులో నిలబడ్డదాన్నే. డాక్టరు రాసిన డబ్బా ఆ నెల ఏ మందుల షాపులోనూ లేక మరోటి తెచ్చాం. పిల్ల రెండ్రోజులు గ్యాసుతో ముడుచుకుపోయి, మూడోరోజు హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం మూడు నెలలు సంజాయిషీలు చెప్పుకున్నాను.

నేను చదివింది ఆర్ట్సు. రసాయనాల జోలికి పోయేదాన్ని కాదు గాని, చరిత్ర తిరగెయ్యడం నాకు అలవాటు. అసలీ పాలడబ్బాలు మార్చింది తల్లులేనా అని ఒక అనుమానం పుట్టి వెతుకుతూ పోతే ఒక్కోచోట ఒక్కో చెయ్యి కనిపించింది. ఆ కథే ఇది.

డబ్బాలు రాకముందు తల్లికి పాలు లేని పిల్లలకి ఏం పట్టేవారు? మనకి "పోతపాలు" అనే మాటుంది. ఆవువో మేకవో గేదెవో పాలు తెచ్చి, నీళ్ళు కలిపి కాచి, ఉగ్గుగిన్నెతో పోసేవారు. ఇరుగుపొరుగున మరో బాలింత ఉంటే ఆమె చన్నిచ్చి ఆదుకునేది. తల్లి పురిట్లో పోయిన బిడ్డ బతికి బట్టకట్టడం ఎంత అరుదో మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళం. ఐరోపాలోనూ అప్పుడు అదే పరిస్థితి. పారిస్‌లో దొరలూ, సామాన్యులూ కూడా పిల్లల్ని పల్లెటూరి దాదుల దగ్గర వదిలేవారు. ఆ పిల్లల్లో తిరిగి ఇంటికి రానివాళ్ళు ఎందరో.

1860లలో జర్మనీలో లీబిగ్ అనే మహా రసాయన శాస్త్రవేత్త ఈ సమస్య మీద చెయ్యి వేశాడు. ఆవుపాలు, గోధుమపిండి, మొలకెత్తిన గింజల పిండి, కొంచెం పొటాషియం బైకార్బొనేటు కలిపి తల్లిపాలకి దగ్గరగా ఉంటుందని ఒక జావ తయారుచేశాడు. ఆ తర్వాత 1867లో స్విట్జర్లాండులోని వెవే పట్నంలో హెన్రీ నెస్లే అనే ఆయన పాలు, కాల్చిన గోధుమ రొట్టె, పంచదార కలిపి ఎండబెట్టిన పొడిని బజారులో పెట్టాడు. నెలలు నిండకుండా పుట్టి, ఏ పాలూ నిలవని ఒక పసివాడికి అది పట్టిందనీ, వాడు బతికాడనీ అప్పట్లో చెప్పుకున్నారు. అంటే చూడండి, పిల్లల పాలపొడి చరిత్ర మొదలైందే ఒక పాలు పడక మరో పాలకి మారడంతో! మొదటి పేజీలో ఉన్నది బలాదూరు తల్లి కాదు, ఒంట్లో బాగాలేక మంచాన పడ్డ తల్లి.

తర్వాత కొన్నేళ్ళకే అవసరం కాస్తా వ్యాపారమైంది. న్యూజీలాండులో జోసెఫ్ నాథన్ కంపెనీ గ్లాక్సో పేరుతో పాలపొడి అమ్మడం మొదలెట్టి, 1908 నుంచి "బొద్దు పాపల్ని తయారుచేసే పాలు" అన్న అర్థం వచ్చే ప్రకటనలు గుప్పించింది. తల్లులకి పిల్లల పెంపకం మీద పుస్తకాలు కూడా పంచిపెట్టింది. ఆ డబ్బాలు మన దేశానికీ ఓడల్లో వచ్చాయి. వచ్చి ఎంతగా పాతుకుపోయాయంటే, మన దేశంలో బుగ్గలున్న పిల్లని ఎవరు చూసినా "గ్లాక్సో బేబీ" అనేవారు. ఆ పిల్ల చుక్క పాలపొడి తాగకుండా తల్లి దగ్గరే పెరిగినా సరే! మా అమ్మమ్మ ఆ డబ్బా కొన్నది మావయ్యకి పాలు చాలక కాదట. తాలూకాఫీసులో తాతగారి పై అధికారి ఇంట్లో అదే డబ్బా ఉండేదట.

ఈ మార్పు ఎవరు చేశారంటారు? అమ్మమ్మా, పై అధికారి భార్యా, లేక ఆ ప్రకటనా?

ఆ ప్రశ్న గట్టిగా అడిగిన ఆవిడ ఒకరున్నారు. సిసిలీ విలియమ్స్. జమైకాలో పుట్టి, ఇంగ్లండులో వైద్యం చదివి, ఆఫ్రికాలో ఇప్పటి ఘనాలో పసిపిల్లల డాక్టరుగా పనిచేశారు. పోషణ చాలక పిల్లల కాళ్ళూ కడుపూ ఉబ్బిపోయే క్వాషియోర్కర్ జబ్బుని ప్రపంచానికి తెలియజెప్పింది ఆవిడే. తర్వాత ఆవిణ్ణి మలయాకి పంపించారు. సింగపూరులో తీపి వేసిన గట్టి పాలడబ్బాలని నర్సుల్లా దుస్తులేసుకున్న ఆడపిల్లలు బాలింతల దగ్గరికి వెళ్ళి అమ్మడం చూశారు. ఇంట్లో నీళ్ళు మంచివి కావు, పొయ్యికింద కట్టెలకి డబ్బుల్లేవు, డబ్బా ఖరీదు కూలి డబ్బులకి మించి ఉంది. తల్లి ఏం చేస్తుంది? నాలుగు రోజుల డబ్బా పది రోజులు రావాలని నీళ్ళెక్కువ పోస్తుంది. ఈలోగా తన పాలు ఆరిపోతాయి. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో పెద్దమనుషులందరి ముందు విలియమ్స్ లేచి ఇది హత్యే అని చెప్పారు. ఆ ఉపన్యాసం పేరే "పాలూ, హత్యా". పిల్లలు పోతే తల్లుల అజ్ఞానమని సరిపెట్టుకునే రోజుల్లో, నేరం అమ్మినవాడిదని అన్న మొదటి గొంతుల్లో ఆవిడదొకటి.

సరే, మన దేశానికి వద్దాం. ఇక్కడ జరిగిన డబ్బా మార్పు ఒక ఇంట్లోదో ఊళ్ళోదో కాదు, మొత్తం దేశానిది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి పట్నాల్లో పసిపిల్లల పాలపొడి అంటే విదేశీ సరుకే. 1957 ప్రాంతాల విదేశీ మారకద్రవ్యానికి కటకట వచ్చి ప్రభుత్వం దిగుమతులు బిగించేసింది. యంత్రాలకే డబ్బు చాలకపోతే పాలడబ్బాలకి ఎక్కణ్ణించి వస్తుంది? మరి మనమే చేసుకోవచ్చు కదా అంటే, మన దగ్గర దండిగా ఉన్నవి గేదెపాలు. ప్రపంచంలో పాలపొడి చేసేవాళ్ళందరికీ తెలిసినవి ఆవుపాలు. గేదెపాలని పొడి చెయ్యడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. గుజరాత్‌లోని ఆణంద్‌లో హెచ్. ఎం. దలాయా అనే పాల ఇంజనీరు అది కుదురుతుందని చేసి చూపించాడు. 1955 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ పుట్టినరోజునాడు, నెహ్రూగారు అక్కడి కొత్త పాలఫ్యాక్టరీ ప్రారంభించేసరికి గేదెపాల పొడి తయారీ నిజమైపోయింది.

పొడి వచ్చింది గాని అది పసిపిల్ల కడుపుకి పనికిరాదే! ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి, ఇది మన వంటింటి శాస్త్రమే. తల్లిపాలలో మాంసకృత్తులు నూటికి ఒకటి చొప్పున ఉంటే, ఆవుపాలలో మూడు పైచిలుకు, గేదెపాలలో నాలుగు దాకా ఉంటాయి. వెన్నయితే గేదెపాలలో తల్లిపాలకి ఇంచుమించు రెట్టింపు. గేదెపాల పెరుగు కత్తితో కోసేట్టు తోడుకుంటుందని మనం మురిసిపోతామే, పసిపిల్ల కడుపులోనూ అవి అలాగే గట్టి గడ్డలా విరుగుతాయి. పెద్దలకి గొప్ప, పసివాళ్ళకి గండం. మన అమ్మమ్మలు సగానికి సగం నీళ్ళు కలిపి పట్టడంలో ఉన్న కిటుకు ఇదే. అయితే నీళ్ళతో గట్టిదనం తగ్గినా, సత్తువా తగ్గిపోయేది.

మైసూరులో ఒక రాకుమారి భవనం ఉంది, చెలువాంబా మాన్షన్ అంటారు. 1950 నుంచి అందులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ నడుస్తోంది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ గేదెపాల చిక్కు పట్టుకున్నారు. వెన్న తగ్గించారు. కడుపులో మెత్తగా విరిగేలా పాలకి మార్పులు చేశారు. విటమిన్లూ ఇనుమూ చేర్చారు. ఆ పద్ధతి ఆణంద్ సహకార సంఘం అందుకుని 1960 ప్రాంతాల నుంచి పెద్దయెత్తున తయారీ మొదలుపెట్టింది. అలా వచ్చిందే అమూల్ స్ప్రే. ప్రపంచంలో గేదెపాలతో చేసిన మొదటి పసిపిల్లల పాలపొడి మనదే. అంతకుముందు గట్టి తీపిపాల తయారీ గురించి మాట్లాడటానికి నెస్లేవాళ్ళ వెవే వెళితే, అది స్థానికుల చేతికి వదిలేది కాదన్నారని కురియన్‌గారు స్వీయచరిత్రలో రాసుకున్నారు. ఆ కోపం కూడా ఈ డబ్బాల్లో కొంత కలిసిందేమో! ఆ నెస్లే కూడా 1961లో పంజాబులోని మోగాలో ఫ్యాక్టరీ పెట్టి ఇక్కడి పాలతోనే పని మొదలెట్టింది.

ఇప్పుడు ఆనాటి తల్లిని ఒక్కసారి తలుచుకోండి. పెద్దకొడుకుకి ఓడలో వచ్చిన డబ్బా పట్టింది. రెండోవాడు పుట్టేసరికి అది బజార్లో లేదు, ఉన్నా అందని ధర. షాపువాడు కొత్త డబ్బా చేతిలో పెట్టి "మనదేశం సరుకేనమ్మా, గేదెపాలు" అన్నాడు. గేదెపాలు పసివాడికి మంచిది కాదని తన తల్లి చెప్పగా విన్న మనిషి ఆవిడ. మైసూరు పరిశోధనల సంగతి ఆవిడకెవరు చెప్పారు? ఆ డబ్బా మూత తీసి మొదటి సీసా కలిపిన రాత్రి ఆవిడ పిల్లవాడి ఊపిరి వింటూ తెల్లవార్లూ మేలుకునే ఉండి ఉంటుంది. దేశం గెలిచిందని చరిత్ర రాస్తుంది. ఆ జాగారం ఎవరూ రాయరు.

ఈలోగా ప్రపంచంలో సిసిలీ విలియమ్స్ అన్న మాట మళ్ళీ పైకి లేచింది. 1974లో బ్రిటన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ పేద దేశాల్లో పాలడబ్బాల అమ్మకాల మీద చిన్న పుస్తకం వేసింది. స్విట్జర్లాండులో కొందరు దాన్ని అనువదించి మరీ ఘాటైన పేరు పెడితే నెస్లే పరువునష్టం దావా వేసింది. 1976లో కోర్టు ఆ కుర్రాళ్ళకి ఒక్కొక్కరికి 300 ఫ్రాంకులు జుల్మానా వేసి, కంపెనీకి కూడా అమ్మకపు పద్ధతులు మార్చుకోమని చెప్పింది. 1977లో అమెరికాలో ఆ కంపెనీ సరుకుల బహిష్కారం మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాలకి బదులు వాడే సరుకుల అమ్మకానికి ఒక నియమావళి చేసింది. 118 దేశాలు ఔనన్నాయి, కాదన్నది ఒక్క అమెరికా. మన దేశం 1992లో దీన్ని చట్టమే చేసి, 1993 ఆగస్టు 1 నుంచి అమల్లో పెట్టింది. పాలడబ్బాకి ప్రకటనలు ఉండకూడదు, డబ్బా మీద పాప బొమ్మ గాని తల్లి బొమ్మ గాని ఉండకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని పెద్ద అక్షరాలతో రాయాలి. 2003లో దాన్ని ఇంకా బిగించారు. నా కూతురి డబ్బా మీద నవ్వే పాపాయి లేకపోవడానికి కారణం అదీ.

ఆ చట్టం చాలా మంచిది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దానివల్ల అవసరం లేని ఇంట్లోకి డబ్బా రావడం తగ్గింది. కాని తప్పనిసరిగా డబ్బా కొనుక్కోవలసిన తల్లి ఒకతె ఎప్పుడూ ఉంటుంది. పాలు రానివాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు, కవలలకి చాలనివాళ్ళు, పిల్లని పెంచుకున్నవాళ్ళు. ఆవిడకి ఏ డబ్బా, ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అన్నది మాత్రం ఎవరూ నింపాదిగా కూచోబెట్టి చెప్పరు.

డబ్బా మీద పేరు మారకుండా లోపలి సరుకు మారితే మరీ ప్రమాదం. అమెరికాలో 1978లో ఒక కంపెనీ, పసిపిల్లలకి ఉప్పెక్కువ మంచిది కాదన్న సదుద్దేశంతోనే, తన సోయా పాలలో ఉప్పు వెయ్యడం మానేసింది. దాంతో పిల్లలకి అత్యవసరమైన క్లోరైడు కొరతపడింది. ఏ తల్లీ డబ్బా మార్చలేదు. డబ్బాయే తనంతట తాను మారిపోయింది. పిల్లలు ఆకలి చచ్చి, బరువు పెరగక, నీరసించిపోతుంటే కారణం 1979లో గాని బయటపడలేదు. అలా బిడ్డలు దెబ్బతిన్న ఇద్దరు తల్లులు ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు, తోటి తల్లుల్ని పోగుచేశారు, అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి చెప్పారు. 1980 సెప్టెంబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో పసిపిల్లల పాలపొడి చట్టం వచ్చింది. ఏ డబ్బాలో ఏ పోషకం ఎంత ఉండాలో ఆ చట్టం తేల్చి చెప్పింది.

2008లో చైనాలో ఇంతకంటే ఘోరం జరిగింది. నీళ్ళు కలిపిన పాలలో మాంసకృత్తులు సరిపడా ఉన్నట్టు పరీక్షలో కనబడాలని మెలమైను అనే రసాయనం కలిపారు. అది ప్లాస్టిక్కు తయారీలో వాడే పదార్థం. సుమారు 3 లక్షలమంది పసివాళ్ళు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. అప్పుడు చైనా తల్లులు నమ్మకమే పోయి ఒక్కపెట్టున విదేశీ డబ్బాలకి మారారు. హాంకాంగ్ వెళ్ళి సంచులకొద్దీ కొనుక్కొచ్చేవారు. అక్కడి తల్లులకి డబ్బాలు మిగలక 2013 మార్చిలో హాంకాంగ్ ప్రభుత్వం ఊరు దాటే మనిషి 1.8 కిలోలకి మించి పాలపొడి తీసుకెళ్ళకూడదని ఆంక్ష పెట్టింది. రెండు డబ్బాలన్నమాట. బంగారానికి పెట్టినట్టు పాలపొడికి కస్టమ్స్!

ఇక 2022 సంగతి మనవాళ్ళకి బాగా తెలుసు. అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ ఆ వేసవి గుర్తే. ఆ ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లో ఆబట్ కంపెనీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాలపొడిని, ప్రమాదకరమైన సూక్ష్మజీవుల అనుమానంతో వెనక్కి తెప్పించారు. ఫ్యాక్టరీ మూతపడింది. దేశమంతటికీ పాలపొడి చేసేవి గట్టిగా నాలుగైదు కంపెనీలే కావడంతో మే నెలకి షాపుల్లో అరలు బోసిపోయాయి. జర్మనీ నుంచి సైనిక విమానంలో పాలపొడి తెప్పించుకోవలసి వచ్చింది ఆ మహారాజ్యానికి!

మా చెల్లెలు అప్పుడు న్యూజెర్సీలో నాలుగు నెలల పిల్లతో ఉంది. రోజూ ఫోను. "అక్కా, అలవాటైన డబ్బా లేదు, డాక్టరు ఏదైనా ఫరవాలేదంటున్నాడు, నాకు భయంగా ఉంది" అనేది. అమ్మయితే ఇక్కణ్ణించి పంపిస్తానని ఒకటే గొడవ. ఆఖరికి దానికి ఎవరో ఐరోపా డబ్బా తెచ్చిచ్చారు. అది అట్టమీది అక్షరాలన్నీ చదివి అర్ధరాత్రి నాకు ఫోను చేసింది. "అక్కా, చెంచా చూశావా?" అంది.

ఆ చెంచా కథ మీకూ చెప్పి తీరాలి. అమెరికాలో చాలా డబ్బాలకి ఒక చెంచా పొడికి 60 మిల్లీలీటర్ల నీళ్ళు. మన దగ్గరా, ఐరోపాలోనూ చాలా డబ్బాలకి ఒక చెంచాకి 30 మిల్లీలీటర్లు. కొత్త డబ్బాలో పాత లెక్క వేస్తే పాలు సగానికి సగం పల్చనైపోతాయి. ఇటునుంచి అటయితే రెట్టింపు చిక్కన. నీళ్ళెక్కువైతే పిల్ల ఒంట్లో ఉప్పు పలచబడి మూర్ఛలు కూడా రావచ్చు. చిక్కనైతే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. డబ్బా పేరు మార్చినందుకు కాదు, చెంచా మార్చనందుకు ముప్పు. మా మేనత్త లాంటి జడ్జీలెవ్వరూ ఈ ప్రశ్న అడగ్గా నేను వినలేదు.

అమెరికాలో ఇంకో విచిత్రం తెలిసింది. అక్కడ బీద తల్లులకి విక్ అనే ప్రభుత్వ పథకం కింద పాలపొడి ఇస్తారు. దేశంలో అమ్ముడయ్యే పాలపొడిలో దాదాపు సగం ఆ పథకానిదే. ఒక్కో రాష్ట్రం ఒక్కో కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. ఒప్పందం గడువు తీరి మరో కంపెనీకి వెళితే ఆ రాష్ట్రంలో పథకం మీద ఆధారపడ్డ పిల్లలందరికీ డబ్బా మారిపోతుంది. ఎక్కడో ఆఫీసులో టెండరు మారితే ఇక్కడ ఉయ్యాల్లో పాలు మారతాయి. 2022 కొరతలో ఆ ఒక్క కంపెనీ డబ్బాయే దొరక్క వాళ్ళు మరీ అల్లాడితే, వేరే డబ్బాలూ కొనుక్కునే వీలు కల్పిస్తూ ఆ మేలో కొత్త చట్టం చేశారు.

మరి డబ్బా మారిస్తే పిల్లకి నిజంగా ఏమైనా అవుతుందా? ఇప్పటి వైద్యులు చెప్పేది ఇది. ఆవుపాలతో చేసిన మామూలు పాలపొడులన్నీ నియమాల ప్రకారం ఇంచుమించు ఒక్కలాంటివే. 1981 నుంచి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మన దేశంలోనూ 2020లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఒక పేరు నుంచి మరో పేరుకి మారితే ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చాలామంది సర్దుకుంటారు. రుచి కొత్తగా ఉండి ఒకటి రెండు పూటలు మొహం తిప్పుకోవచ్చు, విరేచనం రంగూ వాసనా మారవచ్చు, గ్యాసు రావచ్చు. నాలుగు రోజులు చూడాలి. అంతేగాని పిల్ల ఏడ్చిందని వారానికో డబ్బా మార్చడం వల్లా ప్రయోజనం లేదు, ఏడుపుకి వెయ్యి కారణాలు.

జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. డబ్బా మీద 1 అని ఉంటే పుట్టినప్పటి నుంచి, 2 అని ఉంటే ఆర్నెల్లు దాటాక. ఆవుపాలు పడని పిల్లలకీ, నెలలు నిండని పిల్లలకీ డాక్టరు రాసిన ప్రత్యేకమైన డబ్బాని షాపువాడి మాట మీద మార్చకూడదు. విరేచనంలో రక్తం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఎదురుచూడకుండా వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. పొడి కలిసి రావాలని నీళ్ళు ఎక్కువ పొయ్యకూడదు. ఏ డబ్బా తెచ్చినా దాని చెంచా దానికే, దాని లెక్క దానికే. పాత చెంచా అచ్చొచ్చిందని దాచుకోవద్దు. దాన్ని పంచదార డబ్బాలో పడేస్తే పీడా పోతుంది!

లీబిగ్ జావ నుంచి విక్ టెండరు దాకా చూస్తే, డబ్బా మార్చిన చేతుల్లో రసాయన శాస్త్రవేత్తది ఒకటి, వ్యాపారిది ఒకటి, ఆర్థికమంత్రిది ఒకటి, ఆణంద్ రైతుది ఒకటి, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుది ఒకటి. కొన్ని మేలు చేశాయి, కొన్ని ప్రాణాలు తీశాయి. తల్లి చెయ్యి ఎక్కడుందీ అంటే, ఆఖరున. మార్చిపెట్టిన డబ్బా మూత తీసి, నిద్రకళ్ళతో అట్టమీది లెక్క చదివి, మణికట్టు మీద చుక్క వేసి వేడి చూసుకున్న చెయ్యి అది. సింగపూరు నుంచి న్యూజెర్సీ దాకా, పిల్లలో తేడా ముందుగా పసిగట్టిందీ ఆ చెయ్యే.

మా కోడలు వరస పిల్ల ఒకతెకి వచ్చే నెలలో పురుడు. పాలుంటే అంతకంటే భాగ్యం లేదు, తల్లిపాలే పట్టిస్తాం. లేకపోయినా, చాలకపోయినా, ఊళ్ళో ఏ డబ్బా దొరికితే అది తెస్తాం. దాన్ని ఎందుకు మార్చావని ఆ ఇంట్లో ఎవరూ అడగకుండా చూసే పూచీ నాది. "చెంచా చూసుకున్నావా అమ్మా? రాత్రి రెండింటి సీసా నేను కలుపుతాలే, పడుకో" అని మాత్రం అడుగుతాం. మీ ఇంట్లోనూ అలాగే అడగండి.